జీతంలో మనకెంత, ఇతరులకెంత? ఈ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మల్కాజిగిరి వాసి

అందరికీ నమస్కారం. ఆదాయంలో ఎంత భాగం దానధర్మాలకు తీసిపెట్టాలి, ఎంత మనకోసం ఉంచుకోవాలి అన్న విషయంలో నేనూ నా భార్యా కొంతకాలంగా ఒక మాట మీదికి రాలేకపోతున్నాం. ఇవ్వాలని ఇద్దరికీ ఉంది కాబట్టి, పుణ్యం కోసమా మానవత్వం కోసమా అన్న చర్చ మాకు అక్కరలేదు. నెలనెలా అమలు చేయగలిగిన, ఇంట్లో తగవు పెట్టని ఒక పద్ధతి కావాలి. అందుకే మా లెక్కలు దాచకుండా ఇక్కడ పెడుతున్నాను.

పన్ను, పీఎఫ్ పోను నా చేతికి నెలకు 1,10,000 రూపాయలు వస్తాయి. నా భార్య ఒక ప్రైవేటు పాఠశాలలో పనిచేస్తుంది. ఆమె జీతాన్ని ఆమె నిర్ణయానికే వదిలేశాం కాబట్టి దాన్ని ఈ లెక్కలోకి తేవడం లేదు. ఇంట్లో మేమిద్దరం, మా పాప, మా అమ్మగారు, మొత్తం నలుగురం. ఇంటి అప్పు వాయిదా 34,000. సరుకులు, పాప ఫీజు, అమ్మ మందులు, పెట్రోలు, కరెంటు వగైరా అన్నీ కలిపి 52,000 అవుతుంది. మిగిలే 24,000లోంచే పొదుపు, బీమా, పండుగలు, పెళ్లిళ్లలో చదివింపులు అన్నీ జరగాలి. బ్యాంకులో 6,00,000 డిపాజిట్ ఉంది.

ఇప్పటిదాకా మేము ఇస్తున్నదానికి ఒక తీరూ తెన్నూ లేదు. వాట్సాప్ గ్రూపులో ఎవరిదో ఆసుపత్రి బిల్లు ఫొటో వస్తే ఆ రోజు మనసు ఎలా ఉంటే అంత పంపిస్తాం. పాప పుట్టినరోజుకు ఒక ఆశ్రమంలో పిల్లలకు భోజనం పెట్టిస్తాం. తిరుపతి వెళ్తే హుండీలో వేస్తాం. ఇవి కాక మా అక్క కొడుకు ఇంజనీరింగ్ ఫీజుకు ఏటా 60,000 ఇస్తున్నాను. మా బావగారి చిన్న వ్యాపారం కరోనా తర్వాత మళ్లీ నిలదొక్కుకోలేదు.

ఆఫీసులో ఒక మిత్రుడు పది శాతం అని గట్టిగా చెబుతాడు. పదే ఎందుకు, ఐదో పదిహేనో ఎందుకు కాకూడదు అంటే ఆయన దగ్గర సమాధానం లేదు. మేనల్లుడి ఫీజును ఇందులో కలుపుకోవచ్చునని నా వాదన. అది ఇంటి బాధ్యత, దాన్ని దానమని రాసుకుంటే అక్కను అవమానించినట్లేనని నా భార్య వాదన. ఇంటి అప్పు తీరేదాకా ఆగి ఆ తర్వాత ధారాళంగా ఇద్దామని కూడా ఆమె అంటుంది. అప్పు తీరడానికి ఇంకా 11 ఏళ్లుంది.

నాకున్న ఇబ్బంది ఇంకొకటి. ఎంత ఇవ్వాలో తేల్చుకోలేదు కాబట్టి, ఏది కొన్నా ఆ డబ్బుతో ఎవరికి ఏమి చేసి ఉండవచ్చునో అన్న లెక్క లోలోపల నడుస్తూనే ఉంటుంది. ఏసీ అవసరమా విలాసమా అని తేల్చుకునేసరికి మొన్న వేసవి సగం గడిచిపోయింది. తీసిపెట్టవలసినది తీసిపెట్టాక మిగిలింది నిశ్చింతగా మనదే అనుకోవచ్చునా? మీరు ఎలా చేస్తున్నారో చెప్పగలరు.

జవాబు: గోదావరి గట్టు

నేను రాజమహేంద్రవరంలో ఉంటున్న విశ్రాంత ఆడిటర్‌ను. పది శాతమా, ఐదు శాతమా అన్నదానికంటే ముందు, ఆ శాతం దేని మీద వేయాలో తేల్చుకోవలసి ఉంటుంది. దశమ భాగం పాటించే క్రైస్తవ కుటుంబాలలో చాలామంది జీతం చేతికి రాగానే, ఏ ఖర్చూ మొదలుకాకముందే పదోవంతు తీసిపెడతారు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయవలసినది 2 శాతం. అయితే అది అమ్మకాల మీద కాదు, గడిచిన మూడేళ్ల నికర లాభం సగటు మీద, అంటే ఖర్చులన్నీ పోయిన తర్వాత. మీ లెక్కకు మొదటి పద్ధతి వర్తింపజేస్తే నెలకు 11,000 అవుతుంది. రెండోది వర్తింపజేస్తే 24,000 మీద 2 శాతం, అంటే 480 రూపాయలు. రెండింటినీ నియమబద్ధమైన దానమనే అంటున్నాం.

మీ పట్టికలో నేను ఒప్పుకోని అంశం ఒకటుంది. ఇంటి అప్పు వాయిదాను మీరు మొత్తం ఖర్చుగా చూపించారు. అందులో వడ్డీ మాత్రమే ఖర్చు. అసలు కింద జమయ్యేది మీ ఆస్తిలోకి వెళ్తున్న పొదుపు. ఏళ్లు గడిచేకొద్దీ వాయిదాలో అసలు వాటా పెరుగుతూ పోతుంది. కాబట్టి "24,000లోనే పొదుపు కూడా చేయాలి" అన్న మాట పూర్తిగా నిజం కాదు. వాయిదా రూపంలో మీరు ప్రతి నెలా పొదుపు చేస్తూనే ఉన్నారు. అప్పు తీరాక ఇద్దామన్న ఆలోచన గురించి కూడా ఇదే చెబుతాను. 11 ఏళ్ల తర్వాత మీ అమ్మాయి కాలేజీ చదువు ముందుంటుంది, ఆ తర్వాత ఇంకేదో ఉంటుంది. ఆగడానికి సరైన కారణాలు మూడే అని నా అభిప్రాయం: ఆరు నెలల ఖర్చుకు సరిపడా నగదు చేతిలో లేకపోవడం, సంపాదించే మనిషికి టర్మ్ బీమా లేకపోవడం, ఇంట్లో పెద్దవారికి ఆరోగ్య బీమా లేకపోవడం. వాయిదాతో కలిపి మీ నెల ఖర్చు 86,000. ఆరు నెలలకు 5,16,000. మీ డిపాజిట్ అంతకంటే ఎక్కువే ఉంది. మిగతా రెండూ ఉన్నాయో లేవో మీరే చూసుకోవాలి. అమ్మగారికి ఆరోగ్య బీమా లేకపోతే ముందు ఆ పని చేయండి, దానం సంగతి వచ్చే నెల చూడవచ్చు.

మీ శ్రీమతి చెప్పిన బంధువుల విషయంలో మాత్రం ఆమెకు పాత మద్దతే ఉంది. భాగవతం వామన చరిత్రలో శుక్రాచార్యుడు బలికి చెప్పిన మాట ప్రకారం, విత్తాన్ని ధర్మానికి, కీర్తికి, సంపద పెంపుకు, సొంత కోరికలకు, తనవారికి అని ఐదుగా విభజించుకున్నవాడు ఇహంలోనూ పరంలోనూ సుఖపడతాడు. అక్కడ ధర్మం ఒక పద్దు, స్వజనం ఇంకొక పద్దు. ఐదూ సమానంగా ఉండాలని ఆయన అనలేదు. సొంత కోరికలకు కూడా ఒక పద్దు ఉండాలని మాత్రం స్పష్టంగానే చెప్పాడు, మీ ఏసీ అందులోకి వస్తుంది. ఆ సలహా ఇచ్చినది దానం వద్దని అడ్డుపడుతున్న గురువు, దాన్ని కాదన్నవాడు సర్వస్వం ధారపోసి సుతలానికి వెళ్లినవాడు అన్న సంగతి నాకు తెలియకపోలేదు. అయితే మనం గృహస్థులం. ఈ ఒక్క విషయంలో శుక్రుడి మాట వినడమే క్షేమం.

పన్ను గురించి రెండు మాటలు. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే విరాళాలకు, మనకందరికీ అలవాటైన 80జి మినహాయింపు లేదు. పాత విధానంలో ఉన్నవారికి కూడా చాలా ట్రస్టుల విషయంలో ఇచ్చినదాంట్లో సగానికే మినహాయింపు దొరుకుతుంది. 30 శాతం శ్లాబులో ఉన్నవారు 10,000 ఇస్తే 5,000 మీద 1,500, సెస్సుతో కలిపి 1,560 తగ్గుతుంది. నగదుగా 2,000 దాటి ఇస్తే అదీ రాదు. హుండీకి రసీదే ఉండదు. కాబట్టి ఎంత ఇవ్వాలన్నది పన్నును చూసి నిర్ణయించుకోకండి.

అమలు విషయానికి వస్తే, పూర్వం ఇళ్లలో దేవుడి ముడుపు గుడ్డలో కట్టి వేరుగా ఉంచినట్లు, ఈ డబ్బుకు వేరే పొదుపు ఖాతా తెరవండి. జీతం పడిన మరుసటి రోజు అందులోకి దానంతట అదే వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోండి. ఆ ఖాతాకు యూపీఐ తగిలించకండి.

జవాబు: కొండారెడ్డి బురుజు

కర్నూలు నుంచి రాస్తున్నాను. ఆడిటర్ గారు చెప్పిన రెండు పునాదులకు భిన్నమైన మూడోది మా ఇంట్లో ఉంది, అది మీ రెండో సందేహానికి కూడా పనికి రావచ్చు. ముస్లింలు విధిగా ఇవ్వవలసిన దానమైన జకాత్ ఆదాయం మీద ఉండదు. అవసరాలు పోను మిగిలి, ఒక చాంద్రమాన సంవత్సరం పాటు మన దగ్గర నిలిచిన సంపద మీద రెండున్నర శాతం ఉంటుంది. నిసాబ్ అనే కనీస పరిమితి దాటినవారికే అది వర్తిస్తుంది. నగదు, డిపాజిట్లు, బంగారం, వెండి, అమ్మకానికి ఉంచిన సరుకు లెక్కలోకి వస్తాయి. ఉంటున్న ఇల్లు, వాడుకుంటున్న వాహనం, ఇంటి సామాను రావు. మీ 6,00,000 డిపాజిట్ ఏడాది పాటు కదలకుండా ఉందనుకుంటే దాని మీద 15,000, బంగారం ఉంటే దానికి అదనం. నెలంతా కష్టపడి నెలాఖరుకు ఏమీ మిగలనివాడి మీద ఈ పద్ధతిలో భారం పడదు, జీతం తక్కువైనా పేరబెట్టినవాడి మీద పడుతుంది. అప్పులను ఎంతవరకు తగ్గించి చూపవచ్చునన్న దాని మీద పండితుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. ఆ వివరాల్లోకి వెళ్లను.

బంధువుల విషయంలో మాకున్న నియమం ఇది. తల్లిదండ్రులకు, తాతలకు, పిల్లలకు, మనవలకు, భార్యకు జకాత్ సొమ్ము ఇవ్వకూడదు. ఎందుకంటే వారిని పోషించడం ఎలాగూ మన బాధ్యత, ఆ బాధ్యతను దానం పేరుతో తీర్చుకోవడం కుదరదు. అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు, వారి పిల్లలు నిజంగా అవసరంలో ఉంటే ఇవ్వవచ్చు. పరాయివారికంటే ముందు వారికే ఇవ్వడం మేలంటారు కూడా. ఈ లెక్కన మీ అమ్మగారి మందులు దానంలో చేరవు, మీ అక్కగారి అబ్బాయి ఫీజు చేరుతుంది.

అవమానం సంగతి: తీసుకునేవారికి "ఇది జకాత్" అని చెప్పవలసిన అవసరం మాలో లేదు. ఇచ్చేవారి మనసులో సంకల్పం ఉంటే సరిపోతుంది. మా నాన్నగారు మా మేనత్తకు ఏటా ఇచ్చేది ఏ పద్దులోదో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. పండుగ ఖర్చులకని ఇచ్చేవారు. మీ పుస్తకంలో మీరు ఏమి రాసుకున్నా మీ అక్కగారికి మీరు తమ్ముడే కదా.

జవాబు: ఖమ్మం టీచర్

పై రెండు జవాబులూ బాగున్నాయి. అయితే బంధువులు ఒకవైపు, పేదవారు ఒకవైపు అని ఇంత సులువుగా విడదీయగలిగేది రెండు మూడు తరాలుగా స్థిరపడిన కుటుంబాల్లోనే అని నాకనిపిస్తుంది. మా ఇంట్లో నెల జీతం అన్నదాన్ని మొదట చూసింది నేను. మా అమ్మానాన్నలు పత్తి చేలల్లో కూలికి వెళ్లి నన్ను చదివించారు. ఉద్యోగం వచ్చిన నాటి నుంచి చెల్లెలి చదువు, బాబాయి ఆపరేషను, ఊళ్లో ఇంటి పైకప్పు అన్నీ నా జీతంలోంచే జరిగాయి. నేను ఏ సంస్థకూ చందా కట్టలేదు కాబట్టి దానం చేయలేదని ఎవరైనా అంటే, ఆ పనులకే ఒక సంస్థ పెట్టి రసీదు పుస్తకం అచ్చువేయించి ఉంటే నేను దాతనై ఉండేదాన్నా అని అడగాలనిపిస్తుంది.

అలాగని బంధువుల పద్దును గట్టు లేకుండా వదిలేయమని చెప్పడం లేదు. అడిగేవారందరూ అవసరంలో ఉన్నవారు కాదు, అవసరంలో ఉన్నవారందరూ అడగరు. ఫంక్షన్ హాలు అద్దెకు అప్పడిగిన బంధువుకూ, ఫీజు కట్టలేక బడి మానిపించబోతున్న బంధువుకూ ఒకే పద్దులోంచి ఇస్తే రెండోవారి దాకా డబ్బు మిగలదు. నేను ఏడాదికి ఇంత అని బంధువులకు ఒక పరిమితి పెట్టుకున్నాను. అది చదువుకు, వైద్యానికి మాత్రమే. పెళ్లికీ పేరంటానికీ చదివింపులు ఇంటి ఖర్చులోంచే. పరిమితి అయిపోయాక "ఈ ఏడాదికి ఇంతే చేయగలిగాను" అని చెబుతున్నాను. మొదట్లో ముఖాలు మాడాయి, ఇప్పుడు అలవాటు పడ్డారు.

వాట్సాప్‌లో వచ్చే ఆసుపత్రి బిల్లుల గురించి ఒక మాట చెప్పాలి. మా విద్యార్థుల ఇళ్లలో ఇలాంటివి తరచుగా చూస్తుంటాను. డబ్బు పంపేముందు ఆ కుటుంబానికి ఫోన్ చేసి ఆరోగ్యశ్రీ కార్డు ఉందా, ఆ చికిత్స అందులో వస్తుందా అని అడగండి. తెలంగాణలో ఆ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. నిమ్స్ వంటి చోట చికిత్సకు ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ముందుగానే ఎల్‌ఓసీ, అంటే ఖర్చు భరిస్తామన్న హామీ పత్రం, ఇస్తారు; ప్రైవేటు ఆసుపత్రిలో కట్టేసినదానికి తర్వాత దరఖాస్తు పెట్టుకునే వీలుంది. ఈ కాగితాలు నింపడానికి, ఎమ్మెల్యే కార్యాలయం దాకా వెళ్లడానికి తోడు లేకనే చాలామంది వడ్డీకి అప్పు తెస్తున్నారు. మీరు పంపే 2,000 కంటే మీరు వెచ్చించే ఒక పూట వారికి ఎక్కువ ఉపయోగపడే సందర్భాలు ఉంటాయి. మీ మేనల్లుడికి కూడా ఫీజు రీయింబర్స్‌మెంట్ అర్హత ఉందేమో చూశారా?

జవాబు: భువనగిరి

పోచంపల్లికి దగ్గరి ఊరు కావడం వల్ల ఈ ప్రశ్నకు నాకు మొదట గుర్తుకొచ్చేది భూదానోద్యమం నడిపిన వినోబా భావే గారే. 1951 ఏప్రిల్ 18న అక్కడి భూమిలేని దళిత కుటుంబాలు ఆయనను 80 ఎకరాలు అడగడం, వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇవ్వడం అందరికీ తెలిసిన కథ. మనకు ఇక్కడ పనికివచ్చేది ఆ తర్వాత ఆయన ఊరూరా అడిగిన తీరు. మీకు ఐదుగురు కొడుకులుంటే నన్ను ఆరో కొడుకుగా అనుకుని నా వాటా ఇవ్వండి అని, అంటే ఆరోవంతు, అడిగేవారు. మరుసటి ఏడాది మొదలుపెట్టిన సంపత్తి దానంలో భూమి లేనివారిని వారి రాబడిలో అదే వాటా అడిగారు. అందులో నాకు నచ్చే విశేషం ఏమిటంటే, ఆయన ఆ డబ్బును తన చేతికి తీసుకోలేదు. ఇచ్చేవారి దగ్గరే ఉంచి, చెప్పిన పనులకు వారే ఖర్చుపెట్టి, ఏటా లెక్క పంపమన్నారు.

పది శాతం ఎందుకు అన్నదానికి మీ మిత్రుడి దగ్గర జవాబు లేదన్నారు. ఆరోవంతు ఎందుకు అన్నదానికి ఇక్కడ జవాబు ఉంది: అది శాతం కాదు, ఇంట్లో ఇంకొక మనిషి. మీరు నలుగురు కాబట్టి మీకు అది ఐదో మనిషి అవుతుంది. నెల ఖర్చు 52,000ను నలుగురికి బదులు ఐదుగురికి పంచితే ఒక్కొక్కరికి 10,400. ఇందులో రెండు సుగుణాలున్నాయి. మీ ఇంటి స్థాయి పెరిగితే ఆ ఐదో మనిషి వాటా కూడా పెరుగుతుంది. ఏసీ కొని కరెంటు బిల్లు పెరిగినా ఆ వాటా పెరుగుతుంది, కాబట్టి కొనాలా వద్దా అన్న మీ సందేహానికి ధర దానంతట అదే కలిసి వస్తుంది. రెండోది, ఇంట్లో మనిషి మీద అలిగి ఒక నెల అన్నం మానిపించం కాబట్టి ఒక నెల ఇచ్చి ఒక నెల మానేయడం ఉండదు.

ఆ ఉద్యమంలోని లోపాన్ని కూడా చెప్పకపోతే న్యాయం కాదు. దానంగా వచ్చిన భూమిలో చాలా భాగం సాగుకు పనికిరానిది, కొంత తగాదాల్లో ఉన్నది. హైదరాబాదు చుట్టుపక్కల భూదాన్ భూముల ధరలు పెరిగాక వాటి మీద ఎన్ని ఆక్రమణలు, ఎన్ని కేసులు నడిచాయో పత్రికలు చదివేవారికి తెలుసు. ఇచ్చిన రోజున ఫొటో దిగి ఆ తర్వాత అటు చూడకపోతే ఏమవుతుందో మా జిల్లాలో కళ్లారా చూస్తున్నాం. అందుకే మీరు ఎంచుకునే సంస్థలు రెండు మూడుకు మించకుండా, ఏడాదికి ఒకసారైనా వెళ్లి చూడగలిగే దూరంలో ఉండేలా చూసుకోండి.

జవాబు: డాలస్ నుంచి

భువనగిరి గారి చివరి వాక్యంతో నాకు పేచీ ఉంది. వెళ్లి చూడగలిగే దూరంలోనే ఇవ్వాలంటే, చూడడానికి ఎవరూ వెళ్లని ఊళ్లకు ఏమీ చేరదు. 1971లో తూర్పు బెంగాల్ నుంచి లక్షల మంది శరణార్థులు ఆకలితో భారతదేశానికి వస్తున్నప్పుడు పీటర్ సింగర్ అనే తత్త్వవేత్త ఇదే ప్రశ్న లేవనెత్తాడు. కళ్లముందు చెరువులో మునిగిపోతున్న పిల్లను కాపాడడానికి బట్టలు పాడవుతాయని ఆగం కదా, ఆ పిల్ల వేల మైళ్ల దూరంలో ఉంటే బాధ్యత ఎందుకు తగ్గాలి అన్నది 1972లో అచ్చయిన ఆయన వ్యాసంలోని వాదన. దాన్ని అక్షరాలా పాటిస్తే ఎక్కడ ఆగాలో తెలియదు, మీరు ఏసీ ముందు ఆగినట్లే ప్రతి కాఫీ ముందూ ఆగవలసి వస్తుంది. ఆ చిక్కు నుంచి బయటపడే ఆచరణ మార్గంగానే 2009లో ఆక్స్‌ఫర్డ్‌లో గివింగ్ వాట్ వుయ్ కెన్ అనే సంఘం పుట్టింది. సభ్యులు పదవీ విరమణ దాకా ఆదాయంలో కనీసం పది శాతం ఇస్తామని మాట ఇస్తారు. నేను అందులో సభ్యుణ్ణి. పదిలో మహత్యం ఏమీ లేదు. చాలామంది మోయగలిగేది, మోస్తున్నట్లు తెలిసేది అన్న ఉద్దేశంతో పెట్టుకున్న గీత అది.

ఆ సంఘం వ్యవస్థాపకుల్లో ఒకరైన టోబీ ఆర్డ్ తన వరకు ఇంకొక పద్ధతి పెట్టుకున్నాడు. శాతానికి బదులు తన సొంత ఖర్చుకు పరిమితి పెట్టుకుని, ఏడాదికి సుమారు 18,000 పౌండ్లు దాటి వచ్చినదంతా ఇచ్చేస్తానన్నాడు. మీకు ఇప్పుడే అది సాధ్యం కాదు. కానీ జీతం పెరిగినప్పుడల్లా పెరిగినదాంట్లో ఒక స్థిరమైన భాగం ఆ ఖాతాకు వెళ్లాలని ముందే అనుకుంటే, అంతదాకా కాకపోయినా ఆ దిక్కుగా నడిచినట్లవుతుంది. చేతికి రాని డబ్బు వదులుకోవడం చేతికి వచ్చినదాన్ని వదులుకోవడం కంటే సులువు.

నా డబ్బులో ఎక్కువ భాగం మలేరియా నివారణకు, విటమిన్ ఎ చుక్కలకు ఆఫ్రికా దేశాలకు వెళ్తుంది. గివ్‌వెల్ అనే సంస్థ ఏ కార్యక్రమానికి ఎంత ఖర్చుతో ఎంత ఫలితం వస్తుందో లెక్కగట్టి ప్రచురిస్తుంది. కొంత భాగం మా ఊరి బడికి పంపిస్తాను, అది లెక్కలు చూసి కాదు, అక్కడ చదువుకున్నాను కాబట్టి. రెండింటినీ వేర్వేరుగా రాసుకుంటాను.

నాలాంటి ప్రవాసులు చదువుతుంటే ఒక సంగతి: అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఇచ్చేది భారతీయ చట్టం దృష్టిలో విదేశీ విరాళం, తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి. భారత పాస్‌పోర్టుతోనే ఉన్నవారు తమ పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపేది ఆ కోవలోకి రాదు. భారతదేశంలోని సంస్థకు నేరుగా ఇచ్చినదానికి అమెరికాలో పన్ను మినహాయింపు రాదు; అక్కడే నమోదైన సంస్థ ద్వారా ఇవ్వాలి.

జవాబు: మల్కాజిగిరి వాసి

అందరికీ ధన్యవాదాలు. మీ జవాబులన్నీ నా భార్య కూడా చదివింది. జకాత్ విషయంలో తీసుకునేవారికి చెప్పనక్కరలేదన్న మాట ఆమెకు నచ్చింది, కానీ శుక్రాచార్యుడి ఐదు పద్దులు అంతకంటే ఎక్కువ నచ్చాయి. కాబట్టి రెండు పద్దులు వేరుగానే ఉంచాలని నిర్ణయించుకున్నాం. బంధువుల చదువు, వైద్యానికి నెలకు 5,000. ప్రస్తుతానికి అది మేనల్లుడి ఫీజుకే సరిపోతుంది. బయటివారికి నెలకు 6,000, వేరే ఖాతాలో. భువనగిరి గారి ఐదో మనిషి లెక్క కంటే ఇది తక్కువే. జీతం పెరిగినప్పుడల్లా పెరిగినదాంట్లో పావు వంతు ఈ ఖాతాకే కలిపి అక్కడికి చేరుకోవాలని అనుకుంటున్నాం. రెండు పద్దులూ కలిపితే మొత్తం 11,000, అంటే సరిగ్గా పది శాతం. ఈ సంగతి మాత్రం ఆఫీసు మిత్రుడికి చెప్పదలచుకోలేదు.

బయటి పద్దులో సగం మా ప్రాంతంలోని ఒక ప్రభుత్వ పాఠశాలకు, మిగతా సగం దూరాన మేము చూడలేని చోట పనిచేసే ఏదైనా ఆరోగ్య కార్యక్రమానికి అని ప్రస్తుతానికి రాసుకున్నాం. ఆసుపత్రి బిల్లులకు డబ్బుకంటే ముందు టీచర్ గారు చెప్పినట్లు ఫోన్ చేస్తాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి అక్కను అడిగాను. అబ్బాయి సీటు యాజమాన్య కోటాలోది కాబట్టి వర్తించదట.

ఒక్కటి తేలలేదు. మేనల్లుడి చదువు వచ్చే ఏడాది పూర్తవుతుంది. అప్పుడు మిగిలే 5,000 ఇంటి అప్పు ముందస్తు చెల్లింపుకు వెళ్లాలని నా భార్య, బయటి పద్దులో కలవాలని నేను.

జవాబు: గోదావరి గట్టు

అప్పటిదాకా ఆగకుండా ఇప్పుడే కాగితం మీద రాసిపెట్టుకోండి. ఏ పద్దుకూ కేటాయించకుండా మిగిలిన డబ్బును ఇంటి ఖర్చు రెండు నెలల్లో మింగేస్తుంది, అప్పుడు మీ ఇద్దరి కోరికా తీరదు. నేనైతే సగం సగం చేస్తాను. మీ అప్పు మారే వడ్డీ రేటుదైతే, వ్యక్తుల గృహరుణాల మీద ముందస్తు చెల్లింపుకు రుసుము తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది కాబట్టి నెలకు 2,500 కట్టినా నష్టం లేదు. అది అసలుకే జమ చేయాలని బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పండి. మిగతా 2,500 బంధువుల పద్దులోనే ఒక ఏడాది పాటు కదపకుండా ఉంచండి. మీ అక్కగారింట్లో వ్యాపారం ఇంకా కోలుకోలేదంటున్నారు కాబట్టి, అబ్బాయికి ఉద్యోగం వచ్చేదాకా ఆ పద్దును పూర్తిగా మూసేయడం తొందరపాటు అవుతుంది. ఏడాది చివర అది ఖర్చు కాకుండా మిగిలితే మొత్తంగా బయటి పద్దుకు మార్చండి.